మిచాంగ్ తుపాను వారం: జిల్లా కంట్రోల్ రూమ్‌లో స్థాయి ఎక్కించడం, దించడం – నా అనుభవం

"కలెక్టరేట్‌లో కంట్రోల్ రూమ్ ఏర్పాటు, 24 గంటలూ అందుబాటులో" అని పేపర్లో ఒక లైను వస్తుంది. ఆ లైను వెనక ఏం జరుగుతుందో, ఎంతసేపు పడుతుందో, ఎక్కడ తేడా కొడుతుందో రాస్తున్నాను. 2023 డిసెంబర్ 1 నుంచి 9 దాకా కోస్తాలో ఒక జిల్లా అత్యవసర కేంద్రంలో షిఫ్ట్ ఇన్‌చార్జిగా కూర్చున్నాను. జిల్లా పేరు, అధికారుల పేర్లు రాయను, వాటితో పని లేదు. వచ్చే తుపానుకు ఆ డ్యూటీ ఎవరికి పడుతుందో వాళ్లకు ఇది పనికి రావాలి.

నవంబర్ 27న దక్షిణ అండమాన్ సముద్రంలో అల్పపీడనం ఏర్పడింది. అప్పటికి మా గది మామూలు స్థాయిలోనే ఉంది. షిఫ్టుకు ఒక మనిషి, జనం ఫోన్ చేసే 1077 లైను ఒకటి, ఒక రిజిస్టరు. రోజూ పొద్దున 8.30కి మండలాల వాన లెక్క తీసుకుని పైకి పంపడం, అంతే. మామూలు స్థాయిలో చేయాల్సిన అసలు పని మాత్రం ఒకటుంది. ఫోన్ నంబర్ల జాబితా సరిచూడాలి. మేం 29న మొదలుపెట్టాం. ఒక్కో నంబరుకూ డయల్ చేసి "మీరు ఫలానా హోదాలోనే ఉన్నారా" అని అడిగితే, ప్రతి అయిదు నంబర్లలో ఒకటి పాతది. బదిలీ అయినవాళ్లు, రిటైరైనవాళ్లు, సిమ్ మార్చినవాళ్లు. రెండు రోజులు పట్టింది. ఈ పని డిసెంబర్ 3న చేయాల్సి వచ్చుంటే మా పని అయిపోయేది.

డిసెంబర్ 1, శుక్రవారం

పొద్దున అల్పపీడనం వాయుగుండమైంది. చెన్నైకీ మచిలీపట్నానికీ మధ్య 4వ తేదీ సాయంత్రానికి తీరం దాటొచ్చని ఆ రోజు అంచనా. మధ్యాహ్నానికి మా స్థాయి ఒక మెట్టు ఎక్కించారు. మా ప్రణాళిక ప్రకారం ఆ మెట్టులో నాలుగు కుర్చీలు, అంటే శాఖకొకరు చొప్పున గదిలో కూర్చోవాలి: రెవెన్యూ, పోలీసు, మత్స్యశాఖ, విద్యుత్.

మత్స్యశాఖ ఇంత ముందే ఎందుకంటే, సముద్రంలో ఉన్న బోటు ఒడ్డుకు రావడానికి ఒక రోజు పడుతుంది, దూరం వెళ్లినవాటికి రెండు రోజులు. గాలి మొదలయ్యాక పిలిచి లాభం లేదు. ఇక్కడ మొదటి చిక్కు లెక్కలో వచ్చింది. ఎన్ని బోట్లు వేటకు వెళ్లాయో రిజిస్టరులో ఉంది. ఎన్ని తిరిగొచ్చాయో మాత్రం ఎక్కడా లేదు. మావాళ్లు కొందరు పక్క జిల్లా హార్బర్‌లో దిగిపోయారు. పక్క జిల్లా బోట్లు కొన్ని మా దగ్గర ఉన్నాయి. ఒడ్డు దాటి కొంత దూరం పోతే సెల్ సిగ్నల్ ఉండదు, వైర్‌లెస్ సెట్లు పెద్ద బోట్లలోనే ఉంటాయి. చివరికి ఇది తేల్చింది ఊళ్లలో ఆడవాళ్లు. ఏ బోటు పక్కన ఏ బోటు వల వేస్తుందో, ఎవరు ఎవరితో మాట్లాడుకుంటారో వాళ్లకు తెలుసు. మత్స్యశాఖ కుర్చీలో కూర్చున్నాయన ఊరికి ఒకరి చొప్పున వాళ్ల నంబర్లు రాసుకుని, ఒక్కొక్కరి చేతా ఆరేడు బోట్ల సంగతి కనుక్కున్నారు. 3వ తేదీ ఉదయానికి "రావాల్సినవి" అన్న గడిలో సున్నా పడింది. వారం మొత్తంలో మేం నిండా ఊపిరి పీల్చుకున్నది అప్పుడే.

అదే సాయంత్రం జనరేటర్ పరీక్షించాం. చాలాచోట్ల జనరేటర్ స్టార్ట్ అయితే సరిపోయిందనుకుంటారు. మేం మెయిన్ ఆఫ్ చేసి కొంతసేపు దాని మీదే నడిపి చూశాం. లైట్లు, ఫ్యాన్లు తిరిగాయి. కంప్యూటర్లు, ఫోన్ ఎక్స్ఛేంజ్ బాక్సు యూపీఎస్ మీదే నడుస్తూ, 20 నిమిషాలకు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. ఎప్పుడో వైరింగ్ చేసినప్పుడు, మెయిన్ నుంచి జనరేటర్‌కి మార్చే ఛేంజోవర్ స్విచ్‌కి లైట్ల సర్క్యూట్ ఒక్కటే ఇచ్చారు. గది కళకళలాడుతూ వెలుగుతుంటుంది, ఫోన్ మాత్రం మోగదు. అది పరీక్షలో కాకుండా 5వ తేదీ బయటపడి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. శనివారం ఎలక్ట్రీషియన్ వచ్చి వేరే లైన్ లాగాడు. నాలుగు గంటల పని, వైరూ కూలీ కలిపి 4,200 రూపాయలు. డీజిల్ 200 లీటర్ల డ్రమ్ము తెప్పించాం, అప్పట్లో లీటరు వందకు కాస్త తక్కువ. మాది చిన్న జనరేటర్, గంటకు రెండున్నర లీటర్లు తాగుతుంది. అంటే 80 గంటలు. పెద్ద జనరేటర్ ఉన్నవాళ్లు గంటకు ఎంతో ముందే కొలిచి గోడ మీద రాసుకోవాలి. చీకట్లో డ్రమ్ములో పుల్ల ముంచి లెక్క కట్టడం కుదరదు.

డిసెంబర్ 2, శనివారం: అంకెల గందరగోళం

తెల్లవారుజామున తీవ్ర వాయుగుండమైంది. మేం చేసిన పెద్ద పొరపాటు ఆ రోజే, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తాను.

ఒక తుపానుకు ఒకే గదిలో నాలుగు రకాల అంకెలు, రంగులు తిరుగుతాయి. వాతావరణ శాఖ దశలు ఒకటి: 72 గంటల ముందు నిఘా, 48 గంటల ముందు పసుపు రంగు అలర్ట్, 24 గంటల ముందు నారింజ రంగు హెచ్చరిక, తీరం దాటడానికి 12 గంటల ముందు ఎరుపు. రెండోది ఓడరేవు ప్రమాద హెచ్చరికలు, 1 నుంచి 11 దాకా. అందులో అంకె పెరిగితే ప్రమాదం పెరిగినట్టే అని అందరూ అనుకుంటారు. కానీ 8, 9, 10 మూడూ మహా ప్రమాద హెచ్చరికలే. తుపాను రేవుకు ఏ పక్క నుంచి పోతుందన్నది 8, 9ల మధ్య తేడా. రేవు మీదుగానో, బాగా దగ్గర నుంచో పోతుంటే 10. ఇక 11 అంటే కబురు అందే దారి తెగిపోయిందని. మూడోది దేశమంతటా వాడే ఎల్-0, ఎల్-1, ఎల్-2, ఎల్-3. విపత్తును జిల్లా తట్టుకోగలిగితే 1, రాష్ట్రం దిగాల్సి వస్తే 2, కేంద్రం దిగాల్సి వస్తే 3. గదిలో ఎంతమంది కూర్చోవాలో అది చెప్పదు. నాలుగోది మా గది సొంత మెట్లు.

ఇవి చాలవన్నట్టు, ఎప్పుడో శిక్షణలో ఇచ్చిన ఒక కాగితం ఫైల్లో ఉంది. అది అమెరికా పద్ధతి చూసి రాసింది. అక్కడ లెక్క తిరగేసి ఉంటుంది: 3 అంటే మామూలు రోజు, 1 అంటే గది మొత్తం నిండి పనిచేయడం.

శనివారం 11 గంటలకు మండలాలన్నిటికీ మేం పెట్టిన వాట్సాప్ సందేశం: "కంట్రోల్ రూమ్ లెవెల్ 1లో ఉంది. తగు చర్యలు తీసుకోగలరు." మా ఉద్దేశం ఒక మెట్టు ఎక్కామని. ఒక మండలం వాళ్లు దాన్ని పూర్తి స్థాయి అనుకున్నారు. మధ్యాహ్నానికే లారీలు మాట్లాడి, తీరం ఊళ్లలో మైకు వేయించి, జనాన్ని షెల్టర్‌కి తీసుకొచ్చారు. రెండు రోజుల ముందు! వంట సామాను లేదు, జనం సాయంత్రానికి తిరిగి ఇళ్లకు పోయారు. 4వ తేదీ నిజంగా రమ్మన్నప్పుడు అక్కడివాళ్లు "మొన్నా ఇట్టాగే అన్నారు కదా సార్" అన్నారు. వాళ్లను కదిలించడానికి మిగతా ఊళ్లకంటే మూడు గంటలు ఎక్కువ పట్టింది. ఇంకో మండలం వాళ్లు "లెవెల్ ఒకటే కదా" అని డిప్యూటీ తహసీల్దారు గారికి ఆదివారం సెలవు ఇచ్చేశారు. ఒకే వాక్యానికి రెండు వైపులా తప్పు జరిగింది. తప్పు వాళ్లది కాదు, సందేశం రాసిన మాదే.

ఆ రాత్రి నుంచి అంకె వాడటం మానేశాం. "నాలుగు కుర్చీలు", పూర్తి స్థాయి అయితే "పదకొండు కుర్చీలు" అనే అంటున్నాం. బయటికి పంపే సందేశంలో స్థాయి పేరు ఉండదు, చేయాల్సిన పని ఉంటుంది: "షెల్టర్ తాళాలు ఈ సాయంత్రం 5లోగా వీఆర్వో చేతిలో ఉండాలి. జనాన్ని ఇప్పుడే తరలించవద్దు. తరలింపు సమయం రేపు 12కి చెబుతాం." చేయవద్దన్నది కూడా రాయాలి. అది రాయకపోతే ఉత్సాహవంతులు చేసేస్తారు.

డిసెంబర్ 3, ఆదివారం: పదకొండు కుర్చీలు

తెల్లవారేసరికి తుపానుగా మారింది, మయన్మార్ ఇచ్చిన పేరు పెట్టారు. మా కంప్యూటర్ లాగ్‌లో ఆ పేరు మిచాంగ్, మిచౌంగ్, మిగ్జాం అని మూడు రకాలుగా పడింది. తర్వాత వెతికితే సగం ఎంట్రీలు దొరకలేదు. పేరు తెలిసిన నిమిషంలోనే స్పెల్లింగ్ ఒకటి ఖాయం చేసి బోర్డు మీద రాసేయండి.

పూర్తి స్థాయి ఉత్తర్వు 10.40కి వచ్చింది. పదకొండో కుర్చీ నిండింది రాత్రి 9.15కి. పది గంటల ముప్పై అయిదు నిమిషాలు. మిగతాదంతా మరిచిపోయినా ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. స్థాయి ఉత్తర్వుతో ఎక్కదు, చివరి కుర్చీ నిండినప్పుడు ఎక్కుతుంది.

అంతసేపు ఎందుకు పట్టిందంటే, మొదటిది ఆదివారం. రెండోది, ఆ రోజు తెలంగాణ ఎన్నికల లెక్కింపు. ప్రతి టీవీలో అదే, ప్రతి ఫోన్ అదే పనిలో ఉంది. తుపాను వార్త కింద స్క్రోలింగ్‌కు పోయింది. మూడోది అసలు కారణం. ఉత్తర్వులో "ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు లేదా వారి ప్రతినిధి" అని హోదా రాశాం, మనిషి పేరు రాయలేదు. ప్రతి శాఖలోనూ "ఎవరు వెళ్లాలి" అన్నది తేలడానికి రెండేసి గంటలు పట్టింది. ఒక శాఖ నుంచి అటెండర్ వచ్చి కూర్చున్నాడు. పాపం మంచి కుర్రాడు, కానీ క్రేన్ పంపమంటే ఎవరినో అడిగి చెప్పాలి. అది నిండిన కుర్చీ కాదు. నిండింది అనాలంటే మా లెక్కలో మూడు ఉండాలి: తన శాఖ సామాను ఎక్కడుందో జాబితా, అవతల వెంటనే ఎత్తే ఒక నంబరు, పైవాళ్లను అడక్కుండా బండి కదిలించగల అధికారం. మూడోది లేనివాళ్లకు కలెక్టర్ గారి సంతకంతో అప్పటికప్పుడు ఒక పేజీ ఉత్తర్వు ఇప్పించాం.

షిఫ్టులు మొదట ఎనిమిదేసి గంటలు అనుకున్నాం. పదకొండు కుర్చీలకు మూడు షిఫ్టులంటే 33 మంది, ఫోన్లు ఎత్తేవాళ్లు వేరే. అంతమంది దొరకలేదు. పన్నెండు గంటల రెండు షిఫ్టులకు దిగాం. మార్పు పొద్దున 8, రాత్రి 8 అని పెట్టుకుంటే గాలివానలో ఆలస్యమైతే రెండు జట్లూ ఇరుక్కుంటాయి. అందుకే 7కు రమ్మని, 8కి అప్పగించమన్నాం. ఆ గంటలో పాతవాళ్లు కొత్తవాళ్ల పక్కన కూర్చుని తెరిచి ఉన్న ప్రతి కాల్ చదివి వినిపించాలి. కాగితం ఇచ్చేసి వెళ్లిపోతే చాలదు.

ఫోన్ సంగతి ఒకటి చెప్పాలి. 1077కి సెల్ నుంచి చేసిన కాల్స్ కొన్ని పక్క జిల్లాకు వెళ్లాయి, ముఖ్యంగా సరిహద్దు మండలాలవి. ఎస్టీడీ కోడ్ కలిపి కొట్టమని, దాంతోపాటు రెండు సెల్ నంబర్లు కూడా ఇచ్చి సచివాలయాల ద్వారా మళ్లీ ప్రచారం చేశాం. పక్క జిల్లా గదితో ఒక మాట అనుకున్నాం: పొరపాటున వచ్చిన కాల్‌ను "మాది కాదు" అని పెట్టేయకుండా రాసుకుని మాకు చెప్పాలి, మేమూ అలాగే చేయాలి. ఇది చాలా బాగా పనిచేసింది.

డిసెంబర్ 4, సోమవారం: పన్నెండో కుర్చీ

తీవ్ర తుపాను అయింది. చెన్నై మునిగిన రోజు. మా దగ్గర అప్పటికి ముసురు, ఈదురుగాలి. కాల్స్ పెరిగాయి. మేం ఊహించుకున్నవి వేరు: చెట్లు, కరెంటు, గుడిసెలు. వచ్చినవి వేరు. పదిలో ఆరేడు ధాన్యం గురించే.

కోత కాలం అది. కొందరిది పనల మీద ఉంది, కొందరిది కుప్ప వేసి ఉంది, కొందరిది నూర్చి రోడ్డు పక్కన ఆరబోసి ఉంది. "బాబూ, ఎనబై బస్తాలు రోడ్డు మీదున్నాయి, గోతాలు ఇస్తామన్నారు, ఇంకా రాలేదు" అని ఒక పెద్దావిడ గంటలో మూడుసార్లు చేసింది. తేమ 17 శాతం దాటితే కొనరు, ఆరబెడదామంటే ఎండ లేదు, లారీ రాదు, పట్టలు దొరకవు. మా ప్రణాళికలో పౌర సరఫరాల కుర్చీ ఉన్నది షెల్టర్లకు బియ్యం పంపడానికి. వ్యవసాయ శాఖకు అసలు కుర్చీయే లేదు, తుపాను పోయాక నష్టం రాయడానికి వస్తారని వదిలేశారు. ఈ తీరంలో తుపానులు తరచూ వచ్చేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఖరీఫ్ వరి చేతికొచ్చేదీ అప్పుడే. అయినా ఆ కుర్చీ ఎందుకు లేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు, బాధగా ఉంది. మధ్యాహ్నం 1కి పన్నెండో కుర్చీ వేశాం. వ్యవసాయం, పౌర సరఫరాలు పక్కపక్కన కూర్చుని, ఏ రైతు భరోసా కేంద్రం దగ్గర గోతాలు మిగిలాయో, ఏ మిల్లు ముందు లారీలు ఖాళీగా ఉన్నాయో చూసి కలిపారు. ఆ సాయంత్రానికి కదిలినంత కదిలింది. ఒక రోజు ముందు వేసుంటే ఇంకా చాలా ధాన్యం దక్కేది.

తరలింపు చీకటి పడకముందే అయిపోవాలి. డిసెంబర్‌లో 5.30కే చీకటి, ముసురుకు ఇంకా ముందే. అంచనా ప్రకారం తీరం దాటే సమయం వెనక్కి జరుగుతూ వచ్చింది: 4 సాయంత్రం అన్నది 5 ఉదయమైంది. తుపాను తీరం వెంబడే ఉత్తరానికి నెమ్మదిగా నడిచింది. అయినా మేం 4 మధ్యాహ్నం గడువు మార్చలేదు. రాత్రి గాలిలో ముసలివాళ్లను లారీ ఎక్కించడం కంటే ఒక పూట ఎక్కువ వండిపెట్టడం నయం.

షెల్టర్ల దగ్గర తేడా కొట్టినవి: తాళం పాత సర్పంచి దగ్గర ఉండటం (ఒకచోట పగలగొట్టాం), ట్యాంకులో నీళ్లు లేకపోవడం, మరుగుదొడ్డి తలుపులకు గడియ లేకపోవడం. ఈ మూడోది చిన్న సంగతిలా కనిపిస్తుంది. ఆడవాళ్లు రాత్రి షెల్టర్‌లో ఉండకుండా వెళ్లిపోవడానికి అదే కారణమని ఏఎన్ఎం ఒకామె చెప్పేదాకా మాకు తట్టలేదు. గడియకు 60 రూపాయలు. పశువులను వదిలి రామన్నవాళ్లకు గట్టు మీద చోటు చూపించాల్సి వచ్చింది. నెలలు నిండిన గర్భిణుల జాబితా ఏఎన్ఎంల దగ్గర తేదీలతో సహా ఉంటుంది. రెండు వారాల్లోపు కాన్పు ఉన్నవాళ్లను 3నే ఆసుపత్రులకు చేర్చాం. డయాలసిస్ వాళ్ల జాబితా మాత్రం ఎవరూ అడగలేదు. వాళ్లే ఫోన్ చేసి గుర్తుచేశారు.

లెక్క గురించి ఒక మాట. పైనుంచి ప్రతి రెండు గంటలకూ "షెల్టర్లలో ఎంతమంది" అని అడుగుతారు. రాత్రి 8కి వచ్చిన సంఖ్య భోజనం వేళది. తిన్నాక సగంమంది సామాన్లు చూసుకోవడానికి ఇళ్లకు పోతారు. మేం రాత్రి 11కి, పడుకున్నవాళ్లను టార్చి వేసి లెక్కపెట్టించాం. ఒక షెల్టర్‌లో 8కి 310 ఉన్నది 11కి 140 అయింది. ఆ 170 మంది ఎక్కడున్నారో చూసి, పెంకుటిళ్లు, గుడిసెల్లో ఉన్నవాళ్లను మళ్లీ తెచ్చారు, పక్కా ఇళ్లవాళ్లను వదిలేశారు. అప్పటినుంచి బోర్డు మీద రెండు గడులు: తిన్నవాళ్లు, పడుకున్నవాళ్లు.

డిసెంబర్ 5, మంగళవారం

గదిలో టీవీ తీయించేశాం. వాతావరణ బులెటిన్ చదవడానికి ఒకే మనిషి. గంట గంటకూ వచ్చే దానిలోంచి నాలుగే బోర్డు మీద రాయాలి: ఎక్కడుంది, తీరానికి ఎంత దూరం, ఎంత వేగంతో కదులుతోంది, గాలి ఎంత. మిగతావాళ్లు ఎవరూ ఫోన్లో మ్యాపులు తెరిచి చర్చ పెట్టకూడదు. మొదటి రోజు ఈ నియమం లేక గంటసేపు పదిమంది పది దారులు గీశారు.

పొద్దున 10 తర్వాత కరెంటు ఫీడర్లు వరసగా ఆపేశారు, తీగలు తెగి ప్రాణాలు పోకుండా. జనరేటర్ మీదకు వచ్చాం. ఫోన్ పనిచేస్తూనే ఉంది, శుక్రవారం పరీక్ష పుణ్యం.

11.30 ప్రాంతంలో కాల్స్ తగ్గాయి. అంతకుముందు గంటకు నలభై వచ్చేవి ఆరుకు పడిపోయాయి. గదిలో ఒక రకమైన తేలిక. "ఇక తగ్గుముఖం పట్టింది సార్, రెండు కుర్చీలు రెస్ట్‌కి పంపుదామా" అని ఒకరన్నారు. ఎదురుగా రిజిస్టరు తెరిచి ఉంది. చివరి ఆరు కాల్స్ ఎక్కడినుంచి వచ్చాయో వేలు పెట్టి చూశాను. ఆరూ పట్టణానివే. తీరం మండలాల నుంచి నలభై నిమిషాలుగా ఒక్కటి లేదు. వాళ్లకు బాధ తగ్గి కాదు, టవర్లు పోయి. ఫోన్ మోగకపోతే ఊరు బాగుందని కాదు. వెంటనే పోలీసు వైర్‌లెస్ మీద తీరం స్టేషన్లన్నిటినీ ఒక్కొక్కటే పిలిచాం. రెండు జవాబివ్వలేదు, అక్కడికి గాలి తగ్గగానే వెళ్లాల్సిన బండ్లను అప్పుడే పేరుతో రాసిపెట్టాం.

వైర్‌లెస్‌లో మాట్లాడటం అలవాటు లేనివాళ్లు కథ చెబుతారు. ఈ వరసలో చెప్పమన్నాం: ఊరు, ఏం జరిగింది, ఎంతమంది, ఏం కావాలి. నాలుగు ముక్కలు. అవతలివాళ్లు తిరిగి చదివి వినిపించాలి.

12.30, 2.30 మధ్య బాపట్లకు దక్షిణంగా దగ్గర్లో తీరం దాటింది. గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, ఉండి ఉండి 110. కిటికీ సందులోంచి జల్లు కొట్టి లాగ్ రిజిస్టరు తడిసింది. తడి కాగితం మీద బాల్‌పెన్ రాయదు. ఒకమ్మాయి తన బ్యాగులోంచి పెన్సిల్ తీసి ఇచ్చింది. ఆ రెండు గంటల చరిత్ర మొత్తం పెన్సిల్‌తోనే ఉంది, ఒక్క అక్షరం చెరగలేదు. పెన్సిళ్లు డజను, ప్లాస్టిక్ కవరు ఫైళ్లు పది మా సామాను జాబితాలో చేర్చాం.

గదిలో ఇద్దరి ఇళ్లు తీరం ఊళ్లలోనే. వాళ్ల వాళ్ల నుంచి కబురు లేదు. కుర్చీలో కూర్చుని పనిచేస్తూనే ఉన్నారు గానీ ముఖాలు చూడలేకపోయాం. వైర్‌లెస్ రౌండ్ అయ్యాక వాళ్ల ఊరి స్టేషన్ ద్వారా కనుక్కున్నాం, సాయంత్రం 4కి క్షేమమని తెలిసింది. ఇంకోసారి అయితే షిఫ్టు మొదట్లోనే ప్రతి ఒక్కరి ఇంటివాళ్లు ఎక్కడున్నారో రాసుకుంటాను. ఆ దిగులుతో మనిషి చేత పని చేయించడం న్యాయం కాదు.

స్థాయి దించడం

5 రాత్రికల్లా బలహీనపడింది. "ఇక ఏం లేదు కదా, కంట్రోల్ రూమ్ ఎత్తేద్దాం" అనే ఒత్తిడి 6 ఉదయమే మొదలైంది. మనుషులు అలిసిపోయారు, అది నిజమే. కానీ 6 మధ్యాహ్నం టవర్లు ఒక్కొక్కటీ లేచాక, ఆగిన కాల్స్ అన్నీ ఒక్కసారి వచ్చిపడ్డాయి. ఆ వారంలో ఎక్కువ కాల్స్ వచ్చిన రోజు తుపాను రోజు కాదు, ఆ మర్నాడే. డ్రెయిన్లు పొంగి పొలాల్లో నీళ్లు, తాగునీటి పథకాలకు కరెంటు లేదు, రోడ్డుకడ్డంగా చెట్లు.

అందుకే స్థాయిని ఒక్కసారిగా దించలేదు, కుర్చీలు మార్చాం. మత్స్యశాఖ, అగ్నిమాపక 6 రాత్రికి వెళ్లాయి. డ్రెయిన్లు, తాగునీరు, విద్యుత్, వ్యవసాయం, పౌర సరఫరాలు, వైద్యం ఉన్నాయి. విద్యుత్ వాళ్లు ముందు సబ్‌స్టేషన్లు, తర్వాత నీటి పథకాల ఫీడర్లు, ఆ తర్వాత ఇళ్లు అనే వరస పట్టారు. రోడ్డు తెరవకుండా స్తంభాల లారీ పోదు కాబట్టి రోడ్ల కుర్చీని 7 దాకా ఉంచాం. రంపం మిషన్లు సరిపడా ఉన్నాయి, వాటికి పెట్రోలు, మార్చుకునే గొలుసులు లేవు. తడి చెట్టు కోస్తే గొలుసు రెండు గంటల్లో మొద్దుబారుతుంది.

కుర్చీ లేవడానికి మేం పెట్టుకున్న షరతు ఒకటే: ఆ శాఖకు చెందిన తెరిచి ఉన్న కాల్స్ అయిదు లోపుకు రావాలి, ఆ అయిదూ ఎవరు ఎప్పటికి చేస్తారో రాసి ఉండాలి. "పంపాం" అన్నది ముగింపు కాదు. ఫోన్ చేసినవాళ్లకు తిరిగి ఫోన్ చేసి "అయింది" అనిపించుకుంటేనే చివరి గడి నింపాలి.

డబ్బు

ఎవరూ ముందు చెప్పరు కాబట్టి రాస్తున్నాను. గదిలో భోజనం, టీ, డీజిల్, రీఛార్జులు, అద్దె బండ్లు అన్నీ ముందు అప్పు మీదే నడుస్తాయి. అత్యవసరంలో టీఆర్-27 (ట్రెజరీ నిబంధన 27) కింద కలెక్టర్ గారు ట్రెజరీ నుంచి డబ్బు తీయించగలరు. కానీ ఆ డబ్బుకు తర్వాత ప్రతి రూపాయికీ బిల్లు చూపాలి. అద్దె బండికి ట్రిప్ షీటు లేకపోతే బిల్లు ఆగుతుంది. బయల్దేరిన కిలోమీటరు, చేరిన కిలోమీటరు, ఎవరు పంపారో సంతకం, ఈ మూడూ అదే రోజు పడాలి. మేం 5, 6 తేదీల్లో హడావుడిలో వదిలేశాం. ఇప్పుడు డ్రైవర్ల వెంటపడి రాయించుకుంటున్నాం. లెక్కలు తెలిసిన సీనియర్ అసిస్టెంట్ ఒకరిని నాలుగు కుర్చీల దశలోనే కూర్చోబెట్టాలి. మేం 6న పిలిచాం. అప్పటికి సంచి నిండా తెల్ల చీటీలు. మాకు అయిదు రోజులు మూడు పూటలా అన్నం పంపిన చిన్న హోటలాయనకు ఇది రాసేనాటికి, అంటే రెండు వారాలకు, డబ్బు ముట్టలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "పర్లేదు సార్" అంటాడు. అది మాకు చాలా కష్టంగా ఉంది.

9వ తేదీ, శనివారం పొద్దున 8కి గది మళ్లీ ఒక కుర్చీకి వచ్చింది. అప్పటికి చివరి గడి ఖాళీగా ఉన్న కాల్స్ పదకొండు. డ్రెయిన్ గట్లవి, తడిసిన ధాన్యానివి, ఒకటి కూలిన వంటగదిది. పాత రిజిస్టరు కట్టేసేముందు ఆ పదకొండూ కొత్త రిజిస్టరు మొదటి పేజీలోకి ఎత్తి రాశాం, ఫోన్ నంబర్లతో సహా. ఇది రాసేనాటికి ఏడు మూశాం.